మినార్లు వంగిపోయాయండీ!

ఫోటో తీయడానికి సెకనులో వెయ్యో వంతు చాలు. దాన్ని చీల్చి చెండాడటానికి మాత్రం ఆదివారం మధ్యాహ్నం మొత్తం కావాలి. ఔత్సాహిక ఫొటోగ్రాఫర్లు నలుగురు పోగైన ఏ ఊళ్లోనైనా జరిగే తంతే ఇది. తెల్లారకముందే లేచి, మెడలో కెమెరాలు వేలాడేసుకుని, అందరూ కలిసి బయల్దేరతారు. హైదరాబాద్ వాళ్లయితే చార్మినార్‌కో అమీన్‌పూర్ చెరువుకో, కైకలూరు వాళ్లయితే ఆటపాక పక్షుల దగ్గరికో, విశాఖ వాళ్లయితే వంజంగి కొండకో వెళతారు. నెలాఖరున ఎవరో ఒకరి మేడ మీద గదిలో తెర కట్టి, ప్రొజెక్టర్ పెట్టి, మిర్చి బజ్జీల పళ్లెం మధ్యలో ఉంచి, "మొహమాటం లేకుండా చెప్పండి" అంటారు. సరిగ్గా అక్కడే మొహమాటం మొదలవుతుంది.

మొదటి ఫోటో తెర మీద పడీ పడగానే ఒకరు "సూపర్ అన్నా" అంటారు. ఇంకొకరు "కేక" అంటారు. మూడో ఆయన "ఏ లెన్సు?" అని అడుగుతాడు. ఈ మూడింటిలో దేనికీ ఫోటో చూడాల్సిన పనిలేదు. "సూపర్" అన్నది పెళ్లి చదివింపుల లాంటిది. ఇవాళ నీ ఫోటోకి నేను చదివిస్తే, వచ్చే నెల నా ఫోటోకి నువ్వు చదివించాలి. బాకీ పడినవాళ్ల లెక్క అందరికీ నోటికి వచ్చే ఉంటుంది.

మెచ్చుకోళ్ల వంతు అయ్యాక రూల్స్ పెద్దమనిషి గొంతు సవరించుకుంటాడు. ఈయన ప్రతి బృందంలోనూ ఉంటాడు. ఎవరు ఏం చూపించినా "సబ్జెక్టు మధ్యలో ఉందండీ, రూల్ ఆఫ్ థర్డ్స్ ప్రకారం కాస్త పక్కకి జరగాలి" అంటాడు. పెళ్లికూతుర్నీ జరగమంటాడు, తిరుమల కొండనీ జరగమంటాడు. ఆ రూల్‌కి ఆ పేరు పెట్టి పుస్తకంలో రాసినవాడు జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు. రాసింది 1797లో, పల్లె దృశ్యాల బొమ్మలు వేసేవాళ్ల కోసం. ఫ్రాన్సులో నియెప్స్ తన ఇంటి కిటికీలోంచి తీసిన ఫోటో, మనకు మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది, ఆ తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్లకి గానీ రాలేదు. అంటే ఫోటో పుట్టకముందే ఫోటోకి వంక పెట్టే ఏర్పాట్లు పూర్తయ్యాయన్నమాట.

ఇప్పుడు తెర మీద చార్మినార్ ఫోటో పడిందనుకుందాం. తెల్లవారుజాము, తడి రోడ్డు, దీపాలు ఇంకా ఆర్పలేదు.

"మినార్లు వంగిపోయాయండీ!"

"వైడ్ లెన్స్ కదండీ, 16 ఎం.ఎం."

"ఎంత వైడైతే మాత్రం? వెనక్కి పడిపోతున్నాయి చూడండి."

1591లో కట్టిన దగ్గర్నుంచి వరదల్నీ, బస్సుల పొగనీ తట్టుకుని నిలబడ్డ మినార్లు తీసినాయన చేతిలో ఒక్క క్లిక్కుకి లోపలికి వాలిపోయాయి. కారణం సులువైనదే. ఎత్తయిన కట్టడాన్ని దగ్గర్నుంచి ఫ్రేములో పట్టించడానికి కెమెరా పైకెత్తితే, నిలువు గీతలన్నీ పైకి పోయేకొద్దీ దగ్గరపడతాయి. కెమెరాని నిటారుగా పట్టుకుంటే గీతలు నిటారుగానే ఉంటాయి, కానీ సగం ఫోటో రోడ్డే వస్తుంది. వెనక్కి వెళ్లి తీయొచ్చు, కానీ వెనకనుంచి ఆటోలు వస్తుంటాయి. కంప్యూటర్లో సరిచేయొచ్చు, కానీ అంచుల్లో కొంత కోతపడుతుంది. ఈ నాలుగు ముక్కలూ చెబితే తీసినవాడికి పనికొచ్చేది. ఎవరూ చెప్పరు. "పైన ఆ కరెంటు వైరు తీసేయాల్సింది" అంటాడొకాయన. పావురాలు ఎగురుతుంటే బాగుండేదంటాడు ఇంకొకాయన. ఓ ముసలాయన చేతికర్రతో అటు నడుచుకుంటూ వెళుతుంటే అవార్డు గ్యారంటీ అంటాడు మూడో ఆయన. వైరు తీసేసి, పావురాల్ని తెచ్చి, ముసలాయన్ని నడిపించేసరికి అది తీసినాయన ఫోటో కాకుండా పోతుంది.

ఇంతా చేస్తే, ఆ ఫోటోలో కుడివైపు అడుగున ఒక ఇరానీ హోటల్ ఉంది. షట్టర్ సగమే లేచింది. దాని కింద నుంచి ఒక కుర్రాడు పాల క్యాను పట్టుకుని నడుం వంచి బయటికొస్తున్నాడు. లోపలి ట్యూబులైటు వెలుగు తడి రోడ్డు మీద చారలా వాడి కాళ్లదాకా పరుచుకుంది. ఆ ఫోటో తీసింది ఆ కుర్రాడి కోసం. ఫోటోలో నిజంగా వంగినవాడు వాడొక్కడే, వాణ్ని మాత్రం ఎవరూ చూడలేదు.

ఇక లెన్సు సంగతి. "ఏ లెన్సు?" అని అడిగేవాడి ఉద్దేశం, ఫోటో బాగుంటే ఆ ఘనత లెన్సుదని, బాగోకపోతే మరో లెన్సు కొనాలని. అలా అడిగేవాళ్లు ఓ మనిషి కథ వినాలి. హైదరాబాద్ గర్వంగా చెప్పుకునే రాజా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగంలో చేరిన మనిషి. 1870లలో సరదాగా ఫోటోలు మొదలుపెట్టాడు. అంటే ఆయనా మొదట్లో ఔత్సాహికుడే. పెద్ద పెట్టెలాంటి కెమెరా, గాజు ప్లేట్లు మోయించుకుని తిరిగి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు. ముసవ్విర్ జంగ్ బిరుదు అందుకున్నాడు. ప్లేటు మార్చడానికే అంత అవస్థ పడేవాడు షట్టర్ నొక్కేముందు ఎంతసేపు చూసి ఉంటాడో, సెకనుకి ఇరవై ఫోటోలు తీసే కెమెరావాళ్లు ఓసారి ఆలోచించాలి.

గొప్పవాళ్ల ఫోటోలకైనా ఈ సభల్లో మర్యాద దక్కుతుందన్న భరోసా లేదు. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియర్ బ్రెసాన్ 1932లో ఫ్రాన్సులోని ఇయేర్‌లో తీసిన ఫోటో ఒకటుంది. మెట్లు గుండ్రంగా తిరిగి కిందికి దిగుతుంటాయి, కింద వీధిలో సైకిల్ మీద ఒకడు చెదిరిన గీతలా దూసుకుపోతుంటాడు. 2006లో ఒక చిలిపివాడు దాన్ని, తీసినవాడి పేరు చెప్పకుండా, ఫోటోల వెబ్‌సైటు ఫ్లికర్‌లో సభ్యులు ఓట్లేసి ఫోటోల్ని తీసేసే ఒక బృందం ముందు పెట్టాడు. సైకిలువాడు మసగ్గా ఉన్నాడన్నారు, గరుకుగా ఉందన్నారు, ఓట్లేసి తీసేశారు. తర్వాత అసలు సంగతి తెలిసింది. "క్రాప్ చేస్తే బాగుంటుంది" అనేవాళ్లకి ఇంకో ముక్క. క్రాపింగ్ అంటేనే గిట్టని అదే బ్రెసాన్, సాన్ లజార్ స్టేషన్ వెనక నీటిగుంట మీదుగా దూకుతున్న మనిషి ఫోటోని క్రాప్ చేయక తప్పలేదు. కంచె పలకల సందులోంచి తీశాడు మరి, పలక కూడా ఫోటోలో పడింది.

చివర్లో అనుమానాల పర్వం. "ఎడిటింగ్ గట్టిగా చేసినట్టున్నారే?" అన్న ప్రశ్న నవ్వుతూనే వస్తుంది, కానీ అందులో సీబీఐ ధోరణి ఉంటుంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో తీసిన చంద్రోదయం ఫోటోనే తీసుకోండి. వెలుతురు కొలిచే మీటరు సమయానికి కనబడక, చంద్రుడి కాంతి ఎంతుంటుందో గుర్తు తెచ్చుకుని లెక్కగట్టి తీశాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రింట్లు వేస్తూ ఆకాశాన్ని నల్లగా, ఇంకా నల్లగా చేసుకుంటూ పోయాడు. దాన్ని మోసమని ఎవరూ అనలేదు. అసలు మోసాలు వేరే ఉన్నాయి. 2009లో బ్రిటన్ వన్యప్రాణి ఫోటో పోటీలో గేటు దూకుతున్న తోడేలుకి మొదటి బహుమతి వచ్చింది. అది పెంపుడు తోడేలే అయ్యుంటుందని తేల్చి 2010లో వెనక్కి తీసుకున్నారు. 2024లో దీనికి సరిగ్గా తలకిందులైన కథ ఒకటి జరిగింది. '1839 అవార్డ్స్' అనే ఫోటో పోటీలో కృత్రిమ మేధ బొమ్మల విభాగంలో బహుమతి పొందిన తలలేని ఫ్లెమింగో, నిజమైన ఫ్లెమింగోకి తీసిన నిజమైన ఫోటో. పొట్ట గోక్కుంటూ తల కిందికి దూర్చింది, అంతే. నిజమైనందుకు దాన్ని పోటీలోంచి తీసేశారు. పులికాట్‌లో ఫ్లెమింగోల్ని చూసొచ్చిన సూళ్లూరుపేట కుర్రాడు ఒక్కడు జడ్జీల పక్కన ఉన్నా చెప్పేవాడు, "సార్, దానికి తలుంది" అని.

ఇక బిరుదుల సంగతి. అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సమాఖ్య ఫియాప్ గుర్తింపున్న సలోన్లలో, అంటే పోటీ ప్రదర్శనల్లో, అంగీకారాలు కూడబెట్టుకుంటే పేరు పక్కన ఏఎఫ్ఐఏపీ, ఆపైన ఈఎఫ్ఐఏపీ అని రాసుకోవచ్చు. కొందరి పేరు కన్నా ఆ తోక పొడుగ్గా ఉంటుంది. దాన్ని చూసి నవ్వుకునేవాళ్లు ఆ సలోన్ల పద్ధతి ఒకటి అరువు తెచ్చుకుంటే మంచిది. అక్కడ తీసినవాడి పేరు జడ్జీలకి చెప్పరు. ఫోటో చూసి మార్కులు వేస్తారు.

కాబట్టి వచ్చే నెల సభలో పేర్లు మూసేసి ఫోటోలు చూపించండి. లెన్సు పేరెత్తినవాడికి ఆ రోజు టీ ఖర్చు వేయండి. ప్రతి ఒక్కరూ ముందుగా తన కన్ను ఫోటోలో మొదట ఎక్కడ పడిందో, తర్వాత ఎటు పోయిందో చెప్పాలి. బాగుందా లేదా అన్నది ఆ తర్వాతే. అందరూ మాట్లాడేదాకా తీసినవాడు నోరు మెదపకూడదు. వీటన్నిటిలో కష్టమైనది ఈ ఆఖరి నిబంధనే, ముందు దాన్ని అమలు చేయండి.