దివ్యాంగుడికి పల్లకీ సేవ

2015 డిసెంబరులో ప్రధాని మనకో మాట ఇచ్చారు: దివ్యాంగులు. దాన్ని అక్షరాలా నమ్మింది మన సినిమా హాళ్లవాళ్లే. దేవుడు మెట్లెక్కడు కదా, పల్లకీ ఎక్కుతాడు. అందుకే వీల్‌చైర్లో ఎవరైనా రాగానే సెక్యూరిటీ కుర్రాడు, పాప్‌కార్న్ కుర్రాడు, పార్కింగ్ టోకెన్ల తాత, టికెట్ చింపే అతనూ నలుగురు బోయీలై కుర్చీతో సహా లేపేస్తారు. ‘‘సార్‌ని కొంచెం ఇటు వంచండి!’’ సారు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఊరేగుతారు. మనం పక్కకి తప్పుకుని జాలిపడతాం. (కొందరు ఫొటో కూడా తీస్తారు.)

ఇక ఆసనం. తెర కిందే, మొదటి వరసకన్నా ముందు. మెడ వెనక్కి విరిస్తే హీరోగారి ముక్కుపుటాల దివ్య దర్శనం. భార్య కూడా వచ్చిందా? ఆవిడది ‘ఎఫ్’ వరస. ఇంటర్వెల్లో కలుసుకోవచ్చు. బాత్రూం సంగతి అడక్కండి, దేవుళ్లకి అలాంటి అవసరాలుండవు.

అమెరికావాళ్లకి ఇంత భక్తి లేదు. అంతా టేపు పట్టి కొలిచే వ్యవహారం. కొత్తగా కట్టే 300 సీట్ల హాల్లో వీల్‌చైర్లకి 5 చోట్లు వదలాలి. విడిగా ఉన్న చోటు 36 అంగుళాల వెడల్పుండాలి. పక్కనే తోడొచ్చిన మనిషికో సీటు. మెట్లమెట్లుగా సీట్లుండే హాలైతే ఆ చోట్లు వెనక 60 శాతం సీట్ల మధ్యనో, బొమ్మ అంత బాగానూ కనిపించే మరో చోటో ఉండాలి. మన హీరో ప్రీమియర్ డల్లాస్‌లో పడ్డా ఇదే లెక్క. అక్కడ భార్య పక్కన కూర్చుని సినిమా చూసిన మనిషే శంషాబాద్‌లో దిగగానే దేవుడైపోతాడు.

మనకి చట్టం లేక కాదు. 2016లోనే చేసుకున్నాం. సౌకర్యం లేని కట్టడానికి పూర్తయినట్టు సర్టిఫికెట్టే ఇవ్వకూడదంటుంది 44వ సెక్షన్. జనం వచ్చిపోయే పాత భవనాలకి, ప్రైవేటువైనా సరే, 45వ సెక్షన్ రూల్స్ వచ్చినప్పటి నుంచి అయిదేళ్లు గడువిచ్చింది. అది 2022లోనే తీరిపోయింది. ప్రమాణాలు చెప్పాల్సిన 15వ రూలేమో, చేస్తే మంచిదన్న ధోరణిలో నడిచింది. అది చట్టానికే విరుద్ధమని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కొట్టేసింది. తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు 3 నెలల్లో రాయమంది.

చట్టాన్ని మొదటిసారి మీరితే జరిమానా 10,000 రూపాయలు దాటదు. ఓసారి లిఫ్టు ధర కనుక్కోండి, పల్లకీ ఎందుకు పోలేదో తెలుస్తుంది.