కనెక్షన్ ఫ్లైటూ, బంగినపల్లీ

మధ్యదారిలో పడిగాపులు కాయడం నూజివీడు దగ్గరి మా ముసునూరు వాళ్లకి ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. 'నూజివీడు' అన్న బోర్డు చూసి రైలు దిగినవాడికి కనపడేది హనుమాన్ జంక్షన్. అసలు నూజివీడు అక్కణ్ణించి ఇరవై కిలోమీటర్ల పైమాటే. బస్సొచ్చేలోపు ఆంజనేయస్వామికి ఓ దణ్ణం, ఓ టీ, ఈ ఏడు ఎవరి తోటలో కాపెంతో ఓ చర్చ. అందుకే మా అమ్మాయి సిడ్నీకి టిక్కెట్లు తీసి, "సింగపూర్లో పది గంటలు ఆగాలి, విసుక్కోకు నాన్నా" అంటే నవ్వొచ్చింది.

ఆస్ట్రేలియా వీసా చేతిలో ఉంటే సింగపూర్ వాళ్లు మనల్ని 96 గంటల దాకా వీసా లేకుండానే ఊళ్లోకి వదులుతారు. అయిదున్నర గంటలకి మించి ఆగేవాళ్లని విమానాశ్రయం వాళ్లే బస్సెక్కించి ఉచితంగా తిప్పుతారు కూడా. ఉచితం అనేసరికి మా ఆవిడకి అనుమానం. "చివర్లో ఏ చీరల కొట్టు ముందో దింపుతారండీ. కాశీలో అలాగే చేశారు" అంది. సొంతంగానే బయల్దేరాం.

ముందు మెర్లయన్. పైన సింహం, కింద చేప, నోట్లోంచి ధారగా నీళ్లు; ఎనిమిదిన్నర మీటర్ల పైన ఎత్తు. 1972లో కక్కడం మొదలెట్టింది. మా ఆవిడ చెప్పులు విప్పేసింది. "నరసింహావతారం, మత్స్యావతారం ఒకే మూర్తిలోనండీ!" అంటూ లెంపలు వేసుకుంది. ఆ బొమ్మ 1964లో అక్కడి టూరిజం బోర్డు గుర్తుగా పుట్టిందని ఫోన్లో చదివాను గానీ, దణ్ణం పెట్టేవాళ్ల దగ్గర చరిత్ర తియ్యకూడదు.

మెట్రోలో ఒక బోర్డు నన్ను కట్టిపడేసింది. సిగరెట్టు కాలిస్తే వెయ్యి డాలర్లు, తింటే తాగితే అయిదొందలు. దురియన్ పండు తేకూడదు అని మాత్రం ఉంది, జరిమానా అంకె లేదు. అంకెకందని కంపు కాబోలు! మే నెలలో నూజివీడు బస్సెక్కితే సీటు కింద రసాల బుట్ట, కండక్టరు ఒళ్లో రెండు కాయలు. ఇక్కడ పండుకి ప్రవేశమే లేదు.

లిటిల్ ఇండియాలో దిగి టెక్కా మార్కెట్లోకి వెళ్లాం. నన్నడిగితే, తక్కువ టైములో కొత్త ఊరు అర్థం కావాలంటే కూరగాయల బజారుకే పోవాలి. అక్కడెవడూ ఫొటో కోసం నవ్వడు. ఓ మూలన అట్టపెట్టెలో మన బంగినపల్లి, కాయకో నురగతొడుగు వేసుకుని. ధర రూపాయల్లోకి మార్చి చూస్తే, మా తోటలో గాలివానకి రాలినవన్నీ కళ్లముందు తిరిగాయి.

కాయ తీసి ముచ్చిక దగ్గర వాసన చూశాను. "భుజాలు నిండలేదయ్యా. తొడిమ గుంటలోకి దిగి, రెండు పక్కలా భుజాలు పైకి లేస్తేనే ముదిరినట్టు. రేటు కోసం వారం ముందే కోసేశారు" అన్నాను. కొట్టతను తమిళాయన. మాటలు అర్థం కాలేదు గానీ, మొహం చూసి డాలరు తగ్గించాడు. ఇంకో కాయ తీశాను. ఇంకో డాలరు.

"మీరు కొంటారా, కోతకి కూలి అడుగుతారా?" అంది మా ఆవిడ.

ఆస్ట్రేలియాలోకి పండు తీసుకెళ్లనివ్వరు కాబట్టి కొన్నవి అక్కడే, అతని కత్తితోనే కోసుకు తిన్నాం. చేతులు జేబురుమాలుకి తుడుచుకున్నాను. విమానాశ్రయం పక్కన 40 మీటర్ల జలపాతం తప్పకుండా చూడమని అమ్మాయి కాగితం మీద రాసిచ్చింది. దాని టైమంతా బేరంలో పోయింది.

సిడ్నీలో ఫారం మీద పండ్లు లేవని నిజాయితీగా టిక్కు పెట్టాను. సామాన్ల దగ్గర తనిఖీ కుక్క ఒకటి వరస వెంట వస్తూ, నా ప్యాంటు జేబు దగ్గర ఆగి, బుద్ధిగా కూర్చుంది. ఆఫీసరు గ్లవ్స్ తొడుక్కుని, జేబులోంచి పసుప్పచ్చగా ఎండిన రుమాలు రెండు వేళ్లతో పైకి తీశాడు.

"భుజాలు నిండకపోయినా వాసనుందండోయ్" అంది మా ఆవిడ.