నో డిస్క్

మా చెల్లి పెళ్లి యూట్యూబ్‌లో లేదు. ఈ ఒక్క ముక్క కాశీబుగ్గ నుంచి టెక్కలి దాకా ఎలక్ట్రానిక్స్ దుకాణాలన్నిటికీ విడమరిచి చెప్పలేక నా గొంతు పోయింది. డిస్క్ ప్లేయర్ ఉందా అని నోరు తెరిస్తే చాలు, కౌంటర్ వెనకాల గుంటడు నన్ను పైనుంచి కిందకి జాలిగా చూస్తాడు. "ఇప్పుడు ప్లేయరేటి బావూ? ఏ సినిమా కావాలో చెప్పండి, ఫోన్లో ఎట్టేస్తాను" అంటాడు. సినిమా కాదయ్యా, పెళ్లి అంటాను. "ఏ హీరోది?" అంటాడు.

పెళ్లి 2006లో. మూడు వీసీడీలు. వీసీడీలో పట్టేది గంటా పావు, మహా అయితే గంటా ఇరవై నిమిషాలు కాబట్టి, జీలకర్రా బెల్లం పెట్టేసరికి మొదటిది అయిపోయేది. తాళి కట్టాలంటే మనం లేచి రెండోది వెయ్యాలి. మూడోది పూర్తిగా భోజనాలు, అప్పగింతలు. అమ్మకి కావలసింది ఆ మూడోదే. "తాళి కట్టినాడని నాకు తెల్సునురా, భోజనాలు ఓపాలి సూపించు" అని పొద్దున్నా సాయంత్రం ఒకటే పోరు.

ఇంట్లో పాత ప్లేయర్ ఉంది. నేను నా చేత్తో పెట్టిన డిస్కును లోపలికి తీసుకుంటుంది, కాసేపు గిరగిరా తిప్పుతుంది, చిన్నగా మూలుగుతుంది, తర్వాత నీలి తెర మీద 'నో డిస్క్' అని రాస్తుంది. నోట్లో పెట్టుకుని మరీ లేదంటుంది! సినిమా డీవీడీ వేస్తే మాత్రం నిక్షేపంగా ఆడుతుంది. దీనికి నా మీదే ఏదో కక్ష అనుకున్నాను గానీ, టెక్కలిలో ఒక ముసలి మెకానిక్ అసలు గుట్టు విప్పాడు. డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్రటి లేజర్, సీడీనీ వీసీడీనీ చదివేది 780 నానోమీటర్ల లేజర్, అది కంటికి కనబడదు. ఒకే లెన్సు వెనక ఇద్దరు కాపురముంటారు. ఒకరు పోయినా రెండోవారు బతికే ఉంటారు. మా ఇంట్లో పోయింది పెళ్లిళ్లు చూసేవారు.

సరే, కొత్తది కొందామంటే ఏది మంచిదో తెలిసేదెలా? ఇక్కడ మా పలాస గురించి ఒక మాట చెప్పాలి. మా వాళ్లకి సరుకు ఎంచడం రాదని ఎవరూ అనలేరు. జీడిపప్పు గ్రేడులు చూడండి. డబ్ల్యూ 180 అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 180కి మించకుండా తూగే తెల్లటి నిండు పప్పు. డబ్ల్యూ 240 అంటే 240 లోపు, డబ్ల్యూ 320 అంటే 320 లోపు. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది, ధర తక్కువ. అనుమానముంటే తూచుకో, లెక్కపెట్టుకో, తర్వాతే డబ్బివ్వు. విరిగిన దానికీ మర్యాద ఉంది: పెద్ద ముక్క ఎల్‌డబ్ల్యూపీ, చిన్న ముక్క ఎస్‌డబ్ల్యూపీ, పొట్టు కన్నా కాస్త పైది బీబీ, అంటే బేబీ బిట్స్. నలిగి నుసవబోయే దానికి కూడా చంటిబిడ్డ పేరు పెట్టిన వ్యాపారమండీ ఇది! పరిశ్రమలో పప్పు ఎంచే ఆడవాళ్లు తూచరు, లెక్కపెట్టరు. ఇంటి కబుర్లు చెప్పుకుంటూనే వేళ్లతో ఇటు ఒకటి, అటు ఒకటి తోసేస్తారు. పెళ్లిలో పాయసం గిన్నె ముందు మా మేనమామ కూర్చుంటే ఇంకా ఘోరం. గరిటెలో తేలిన పప్పుని వెలుతురుకి ఎత్తి చూసి, "320 అని చెప్పి 450 కలిపినార్రా" అని వియ్యాలవారి ముందే తేల్చేస్తాడు. ఆ మాట మీద ఒక సంబంధం కొన్నాళ్లు ఊగిసలాడింది కూడా.

మరి ఇదే మేనమామని ప్లేయర్ ఎంచమంటే? డబ్బా మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర ఒక గీత. అంకె పెరిగితే మంచిదా, తగ్గితే మంచిదా? తూచమంటారా? ఆయన చేత్తో ఎత్తి చూసి, "తేలిగ్గా ఉందిరా, లోపలేటీ నేదు" అన్నాడు. నిజానికి ఇన్నాళ్లలో నాకు దొరికిన సాంకేతిక సలహాల్లో అదే నికరమైనది.

దుకాణం వాడిని అని మాత్రం ఏం లాభం? వీటిని చేసేవాళ్లే ఒక్కొక్కరుగా చేతులు దులుపుకుంటున్నారు. ఒప్పో వాళ్లు 2018లోనే బ్లూరే ప్లేయర్లకి నమస్కారం పెట్టేశారు. మరుసటి ఏడాది శాంసంగ్, 2024 చివర్లో ఎల్‌జీ. అమెరికాలో డీవీడీలు పోస్టులో పంపిన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరు 29న ఆఖరి డిస్కు పంపి తలుపు మూసింది. 28 రూపాయలకి వీసీడీ, 34 రూపాయలకి డీవీడీ అమ్మి మన ఇళ్లలో అలమరాలు నింపిన మోజర్ బేర్ కూడా దివాలా తీసింది. మిగిలిన ఒకటీ అరా బ్లూరే ప్లేయర్ల అట్టపెట్టెలు వెతికి చూస్తే, కొన్నిటి మీద వీసీడీ ఊసే లేదు. పెద్ద చదువు చదివాక ఓనమాలు మర్చిపోయాయి.

పోనీ ఏదో దొరికిందనుకోండి, తగిలించేది ఎక్కడ? పాత ప్లేయర్‌కి పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు. కొత్త టీవీ వెనక ఆ మూడు రంగుల్లో ఒక్కటీ కనబడదు. చెవిలో పెట్టుకునే వైరు పట్టేంత చిన్న కన్నం ఒకటుంది, దానికి వేరే వైరు కొనాలట. అంతా కలిసొచ్చి బొమ్మ పడితే, వీసీడీ బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. 4కే టీవీకి 3840, 2160. డిస్కులో ఉన్న ఒక్కో చుక్క తెర మీద ఎనభై చుక్కల చోటు నింపాలి. పెళ్లికూతురు సిగ్గుపడుతోందో తుమ్ముతోందో చెప్పడం కష్టం.

"పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి" అనేవాళ్లకి ముందే చెబుతున్నాను, అదీ అయింది. విశాఖలో బంధువొకాయన పాత కంప్యూటర్‌లో పెట్టి ఎక్కించి పంపాడు. వీసీడీలోని 'డాట్' (.dat) ఫైళ్లని టీవీ గుర్తుపట్టనంది. పేరు చివర 'ఎంపీజీ' అని మారిస్తే నోరు మూసుకుని ఆడింది. కానీ వచ్చినవి మొదటి రెండు డిస్కులే. మూడోది ఆ కంప్యూటర్‌కీ ఎక్కలేదు. పెళ్లి సీడీలు దుకాణం సినిమాల్లా అచ్చు వేసినవి కావు, రంగు పూత మీద లేజర్‌తో కాల్చి రాసినవి. ఏళ్లు గడిస్తే ఆ పూత వెలిసిపోతుంది. అదే డిస్కుని ఒక యంత్రం కాదన్నా ఇంకొకటి చదవొచ్చు, అదొక్కటే ఆశ అన్నాడు మెకానిక్. అందుకే ఈ తిరుగుడు.

ఆ మూడో డిస్కులో ఏముందో నాకు గుర్తే. కెమెరా భోజనాల పంక్తి వెంట ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా నడుస్తుంది. ఆ వరసలో కూర్చున్న పెద్దవాళ్లలో చాలామందిని మా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బే తీసుకుపోయింది. వాళ్ల చేతిలో ఎప్పుడూ ఫోన్ లేదు. ఫొటో అంటే రేషన్ కార్డు మీదదే. నమిలి, నవ్వి, చాలు చాలని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టిన బొమ్మ వాళ్లది లోకం మొత్తమ్మీద ఇదొక్కటే. పందిరి వెనక మా కొబ్బరి తోట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా వజ్రపుకొత్తూరు తీరం దాటిన తెల్లవారుజామున పడిపోయింది. ఆ చెట్లు ఇప్పుడు నిలబడి ఉన్నది ఆ డిస్కులోనే. అమ్మ భోజనాలు చూపించమంటే భోజనాలని కాదు.

సరే, ఇంతా తిరిగాను కాబట్టి కొనబోయేవాళ్లకి నాకు తెలిసింది చెబుతాను. మంచి డిస్కు పట్టుకెళ్లకండి, దాన్ని ఎవడైనా చదువుతాడు. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే ఎక్కువ గీతలు పడ్డ, వెలిసిపోయిన డిస్కు పట్టుకెళ్లి అక్కడికక్కడే వేయించండి. వీసీడీ ఆడుతుందా అని నోటితో అడక్కండి, ఆడించి చూడండి. మూడు రంగుల వైర్ల సంగతి తేల్చుకోండి. సముద్రం ఉప్పుగాలికి సాకెట్లు తుప్పు పడితే, గాలివానకి కరెంటు పోయి వచ్చి బోర్డు కాలితే, బస్సు దూరంలో దాన్ని విప్పగలిగే మనిషి ఎవరని అడగండి. బ్రాండు ఏదైనా, మన ఊరి స్క్రూడ్రైవర్‌కి లొంగేదే నమ్మకమైన ప్లేయరు. ఇవన్నీ అడిగాక కూడా దుకాణం వాడు మీతో ఇంకా మాట్లాడుతున్నాడంటే, బేరం ఆడకుండా కొనెయ్యండి. ఆ దుకాణం అడ్రసు నాక్కూడా చెప్పండి.