ఒక టర్బైన్ బ్లేడు ఆత్మకథ

నేను గ్యాస్ టర్బైన్ బ్లేడుని. యుద్ధనౌకను చూడ్డానికొచ్చిన జనం ఫిరంగి పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు తప్ప నా ఊసెత్తరు. నా పుట్టిల్లు ఉక్రెయిన్‌లోని మికొలాయివ్, అక్కడి జోర్యా-మాష్‌ప్రోయెక్ట్ కర్మాగారం. మెట్టినిల్లు భారత నౌకాదళపు తల్వార్ తరగతి ఫ్రిగేట్లు. ఆ ఓడల్ని కట్టింది మాత్రం రష్యాలో. ఓడ ఎవరి చెప్పుచేతల్లో ఉందో తేల్చేది దాని విడిభాగం పుట్టేచోటేనని నేనంటాను. సోవియట్ కాలంలో నౌకల టర్బైన్లు మికొలాయివ్‌లో తయారై లెనిన్‌గ్రాద్, కలినిన్‌గ్రాద్ యార్డులకు వెళ్లేవి. అప్పుడంతా ఒకటే దేశం కాబట్టి ఎవరికీ ఇబ్బంది తోచలేదు. 1991లో మధ్యన సరిహద్దు పడింది. 2014లో రష్యా క్రిమియాను ఆక్రమించడంతో ఉక్రెయిన్ దానికి ఇంజిన్లు ఆపేసింది. భారత్ కోసం గీసిన తల్వార్ నమూనానే (ఇదో తమాషా) కాస్త మార్చి రష్యా అప్పటికే తన నల్లసముద్ర దళానికి ఆరు ఫ్రిగేట్లు తలపెట్టింది. ఇంజిన్లు అందినవి మూడింటికే. మిగతావి యార్డులోనే ఉండిపోయాయి. వాటిలో రెండింటికి 2018లో భారత్ ఒప్పందం చేసుకుని, ఇంజిన్లు తానే ఉక్రెయిన్‌లో కొని కలినిన్‌గ్రాద్‌కు చేర్చింది. అవే 2024 డిసెంబరులో తుషిల్‌గా, 2025 జులైలో తమాల్‌గా నౌకాదళంలో చేరాయి.

బ్లేడే కదా, కొలతలు తీసి పోతపోసుకోలేమా అంటారు. నన్ను దగ్గరగా చూడండి. అడుగున మెట్లు మెట్లుగా కోసిన గాళ్లుంటాయి. చక్రం అంచులో అవి బిగుసుకుని, ఎంత వేగంగా తిరిగినా నన్ను ఊడిపోనివ్వవు. ఒళ్లు నికెల్ మిశ్రలోహం, పైన రక్షణ పూత. సముద్రపు గాలిలోని ఉప్పు, ఇంధనంలోని గంధకం ఆ మంటలో కలిసి పూతను తినేస్తాయి. నా ఆకారం ఏ స్కానరైనా పట్టేస్తుంది. లోహాన్ని ఎలా పోయాలో, ఎలా చల్లార్చాలో, పూత ఎలా పట్టించాలో అది చెప్పదు. అంతటి రష్యాకే స్వదేశీ టర్బైన్లతో మొదటి ఫ్రిగేట్, అడ్మిరల్ గొలోవ్కో, 2023 డిసెంబరుకు గానీ సమకూరలేదు.

ముందే కొని నిల్వ పెట్టుకుంటే సరి అన్నది ఇంకో మాట. కొంతవరకూ నిజమే. విశాఖపట్నంలో ఐఎన్‌ఎస్ ఏకశిల అనే నౌకాదళ కేంద్రం ఉన్నది నౌకల టర్బైన్లు విప్పి బాగుచేయడానికే. పనితనానికి అక్కడ లోటు లేదు. కానీ అరిగిపోయిన బ్లేడు తీశాక ఆ చోట పెట్టడానికి మరో బ్లేడు కావాలి, నిల్వ ఏనాటికైనా అడుగంటుతుంది. ఇంజినే మార్చేద్దామంటే గేర్‌బాక్సు, గాలి వచ్చే దారి, పొగ పోయే దారి అన్నీ మళ్లీ గీయాలి. శివాలిక్ తరగతి ఫ్రిగేట్లలోని ఎల్‌ఎం2500 టర్బైన్లను బెంగళూరులో హెచ్‌ఏఎల్ కూర్చి ఇస్తున్న మాట వాస్తవమే, అయితే అది అమెరికా సంస్థ లైసెన్సు మీద. పుట్టిల్లు మారిందంతే. తుషిల్‌లో స్వదేశీ వాటా 26 శాతమని ప్రకటించారు. ఇలాంటి అంకె మళ్లీ కనబడినప్పుడు, అందులో టర్బైన్ బ్లేడు ఉందో లేదో అడగండి.