చివర ఒక అక్షరం

1992 జూన్ 15. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, ట్రెంటన్ నగరంలో ఒక బడి. ఆ రోజు అక్కడ పిల్లలకు స్పెల్లింగ్ పోటీ. పదాలు చదవడానికి ఒక అతిథి వచ్చాడు. పేరు డాన్ క్వేల్. వయసు 45. వెంట టీవీ కెమెరాలూ వచ్చాయి.

పదాలున్న కార్డులు బడివాళ్లే ఆయన చేతికిచ్చారు. కార్డు చూసి ఆయన పదం చదవాలి. వంతు వచ్చిన పిల్లలు బోర్డు మీద రాయాలి.

ఆరో తరగతి కుర్రాడొకడి వంతు వచ్చింది. వాడికి 12 ఏళ్లు. వాడికి పడిన పదం పొటాటో.

పలకడం తేలికే. చిక్కంతా చివర్లో ఉంది. 'ఓ' అని వినిపించే ముగింపును ఇంగ్లిష్‌లో ఒకే తీరుగా రాయరు. కాలివేలిని చెప్పే 'టో'కు, శత్రువును చెప్పే 'ఫో'కు ఓ తరవాత ఇ ఉంటుంది. విండోకు ఓ, డబ్ల్యూ. రొట్టెల పిండిని చెప్పే 'డో'కు ఓ, యు, జి, హెచ్. టొమాటోకు, పొటాటోకు ఉత్త ఓ. అవే ఒకటికి మించితే ఎస్‌కు ముందు ఇ వచ్చి చేరుతుంది. ఫొటోలకు, పియానోలకు అదీ చేరదు. చెవి ఈ తేడా పట్టలేదు. చదివి గుర్తుపెట్టుకోవాల్సిందే.

కుర్రాడు గుర్తుపెట్టుకున్నాడు. ఆరు అక్షరాలూ వరసగా రాసి, ఓ దగ్గర ఆపాడు.

క్వేల్ బోర్డు చూశాడు. కార్డు చూశాడు. కార్డులో చివర ఇ ఉందని ఆ తరవాత తన పుస్తకంలో రాసుకున్నాడు. దాదాపు సరిగ్గానే రాశావు గానీ చివర ఒకటి తగ్గింది అని కుర్రాడికి చెప్పాడు.

కుర్రాడు మళ్లీ బోర్డు దగ్గరికి వెళ్లాడు. ఓ పక్కన ఇ చేర్చాడు. క్వేల్ మెచ్చుకున్నాడు. చప్పట్లు మోగాయి. కుర్రాడు వెళ్లి తన చోట కూర్చున్నాడు. గదిలో ఎవరూ కాదనలేదు.

ఆ తరవాత విలేకరుల సమావేశం జరిగింది. పొటాటో స్పెల్లింగ్ చెప్పమని ఒక విలేకరి క్వేల్‌నే అడిగాడు. సంగతి పత్రికలకెక్కింది.

విలేకరులు కుర్రాణ్ణీ పలకరించారు. వాడు డిక్షనరీ తెరిచి చూపించాడు. పదం అందులో వాడు మొదట రాసినట్టే ఉంది. ఇ చేర్చేటప్పుడే అది తప్పని తనకు తెలుసన్నాడు.

మరి ఎందుకు చేర్చినట్టు?

చెప్పింది అమెరికా ఉపాధ్యక్షుడు కనక.