ఎవరి వరుస వారిది

పేర్ల జాబితాను అకారాది క్రమంలో పెట్టమంటే కంప్యూటరు అక్షరాలను చూడదు, వాటికి కట్టిన నంబర్లను చూస్తుంది. తెలుగు లిపికి యూనికోడ్ 128 గళ్లు కేటాయించింది. ఏ గడిలో ఏ అక్షరం ఉండాలో పెద్ద బాలశిక్షను చూసి తేల్చలేదు. భారతీయ లిపులన్నిటికీ కలిపి ఒకే మూసలో పోసిన ఇస్కీ ప్రమాణాన్ని చూసి తేల్చారు. అందుకే ళ వెళ్లి ల పక్కన పడింది. య ర ల వ శ ష స హ అయ్యాకే ళ వస్తుందని పలక పట్టిన పిల్లలకు తెలుసు, యంత్రానికి తెలియదు. నంబర్లనే నమ్ముకుంటే వరుస కల, కళ, కవి అని వస్తుంది. బడిలో నేర్చిన లెక్కన కల, కవి, కళ. కళ ముందా, కవి ముందా అన్న తగువు సాహిత్య సభల్లో ఎటూ తెమలదు గానీ, ఇక్కడ మాత్రం ఒక నియమం రాస్తే తెమిలిపోతుంది. ౠ కథ ఇంకా దయనీయం. అచ్చుల్లో ఉండాల్సింది హ కూడా దాటిపోయి దూరంగా ఎక్కడో తేలింది. ఆ అక్షరంతో బిడ్డకు పేరు పెట్టే తల్లిదండ్రులు లేరు కనుక ఫిర్యాదు రాలేదు.

ఈ గందరగోళం పోవాలంటే భాషభాషకూ విడిగా నియమాలు రాసి యంత్రానికి ఇవ్వాలి. పెళ్లి బంతిలో విస్తళ్లు వేయడం లాంటి పని ఇది: ఎవరి పక్కన ఎవరో ముందే తేల్చకపోతే వడ్డన మధ్యలో అలకలు తప్పవు. నియమాలకు అంతస్తులుంటాయి. మొదట అక్షరాలను పోలుస్తారు. అవి సమానమైతే వాటి మీది గుర్తులను. అవీ సమానమైతే పెద్దబడి, చిన్నబడి తేడాలను. మూడో అంతస్తు తెలుగుకు అక్కర్లేదు. ఆ మిగిలిన తీరికంతా సున్న తినేస్తుంది.

సున్నను ఏమనుకోవాలి? పై గుర్తు అనుకుంటే పడు పక్కనే పండు వచ్చి చేరుతుంది. పక్క అక్షరాన్ని బట్టి మారే అనునాసికం అనుకుంటే పండు కాస్తా పణ్డు అయిపోయి పణం దగ్గర తేలుతుంది. అచ్చుల చివర, హల్లులకు ముందు ఉండే స్వతంత్ర అక్షరం అనుకుంటే పండు పకోడీ కన్నా ముందే వడ్డనకు వస్తుంది. యూనికోడ్ వారి భాషా సమాచార భాండాగారంలో తెలుగుకు ఉన్న నియమం ఈ మూడోదే: ఔ తర్వాత అరసున్న, సున్న, విసర్గ. వర్ణమాలలో అం, అః ఉండే చోటు కూడా అదే కాబట్టి ఈ తీర్పు మీద అప్పీలుకు ఎవరూ పోనక్కర్లేదు.

ఒక భాషకే ఇంత ఉంటే పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో చూడాలి. 1965 నాటి అధికార భాషల చట్టం తమిళానికి పెద్దపీట వేసి, యానాంలో తెలుగుకూ మాహేలో మలయాళానికీ చోటిచ్చింది. 1956లో ఫ్రాన్సుతో కుదిరిన ఒప్పందం ఫ్రెంచినీ నిలబెట్టింది. తమిళ నిఘంటువులో పొల్లు హల్లుది పైచేయి, తెలుగులో గుణింతానిది. అందుకని అక్క తెలుగులో అకారం తర్వాత వస్తుంది, తమిళంలో ఎదురు చూడకుండా ముందే వస్తుంది.

ఫ్రెంచి వారిది మరో తీరు. కొత్, కోత్, కొతే, కోతే అని నాలుగు మాటలున్నాయి. అక్షరాలు నాలుగింటికీ ఒకటే, పైన పెట్టే గుర్తులే తేడా. పాత పద్ధతిలో ఆ గుర్తులను మాట చివరి నుంచి వెనక్కి చదువుతూ పోలుస్తారు. ఇప్పటి యూనికోడ్ సమాచారంలో ఈ వెనకనడక కెనడా ఫ్రెంచికే మిగిలింది. పుదుచ్చేరి పట్నంలో వీధుల జాబితా సంగతి సరేసరి. వీధి అనే మాటను ఫ్రెంచిలో పేరుకు ముందు పెడతారు. ఆ 'ర్యూ'ను లెక్కలోంచి తీసెయ్యమని నియమం రాయకపోతే ర్యూ ద్యుమా, ర్యూ సుఫ్రెన్, ర్యూ రొమే రొలా అన్నీ ఒకే అక్షరం కింద కిక్కిరిసిపోతాయి.

నియమానికి లొంగనివీ ఉన్నాయి. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసి, 1736 నుంచి 1761 దాకా తమిళంలో దినచర్య రాసిన ఆనందరంగ పిళ్లైకి కస్తూరి రంగకవి తెలుగులో ఆనందరంగరాట్ఛందము అంకితమిచ్చాడు. ఆ దుబాసీ పేరును తెలుగులో కొందరు పిళ్లై అని, కొందరు పిళ్ళై అని రాస్తారు. రెండూ ఒకే మనిషివని యంత్రానికి తోచదు. జాబితాలో ఆయనకు రెండు చోట్లు ఇస్తుంది. ఇద్దరు ప్రభువులకు రెండు భాషల్లో మాట చేరవేసినవాడికి ఇదేం కొత్త కాదనుకోవాలి.

2006 అక్టోబరు 1న పాండిచ్చేరి అధికారికంగా పుదుచ్చేరి అయింది. తెలుగులో పాత పేరూ కొత్త పేరూ ప గుణింతంలోనే ఉన్నాయి కాబట్టి నాలుగు ప్రాంతాల వరుస చెదరలేదు: కారైకాల్, పుదుచ్చేరి, మాహే, యానాం. ఇంగ్లీషులో మాహే పుదుచ్చేరిని దాటి ముందుకొస్తుంది, యానాం చివరే. ఫ్రెంచివారి యానాఁవ్ కూడా చివరే. తెలుగు ఊరు తెలుగు జాబితాలోనే ఆఖరున నిలబడాల్సి వచ్చిందన్నమాట. తమిళంలో మాత్రం ఆ ఊరి పేరు ఏనాం. అచ్చుతో మొదలయ్యే పేరు నాలుగింటిలో అదొక్కటే కనుక తమిళ జాబితాలో మొదటి పేరు యానాందే.