చువ్వతో కత్తి చేస్తాడట!

ఇప్పటి పిల్లలకి కొలిమి మీద మనసయింది. ఐదు రోజులు కంప్యూటరు ముందు కూర్చుని, శనివారం పొద్దున్నే ఊరవతల ఏదో తోటకి పోయి, డబ్బు కట్టి మరీ సుత్తి పట్టుకుని ఇనుము కొట్టి వస్తారట. సాయంత్రానికల్లా కత్తి చేతికొస్తుందట. డబ్బు కట్టి! ఒరే అబ్బాయ్, మా రోజుల్లో కొలిమి దగ్గరికి రమ్మంటే పారిపోయి చింతతోపులో దాక్కునేవాళ్లం. మా నాన్న వెతికించి, చెవి పట్టుకుని లాక్కొచ్చి తిత్తి ముందు కూలేసేవాడు. ఇప్పుడు అదే శిక్షకి రసీదు ఇస్తున్నారు.

తిత్తి అంటే నీకు తెలియదులే. మేకతోలుతో కుట్టింది, జత ఉండేది. ఒకటి పొంగుతుంటే రెండోది నొక్కాలి, గాలి తెగకూడదు. గాలి తెగితే మంట పడిపోతుంది, మంట పడిపోతే కర్రు నల్లబడుతుంది, కర్రు నల్లబడితే నాన్న చేతిలో పట్టకారు నావైపు తిరుగుతుంది. ఏళ్ల తరబడి అదే పని. సుత్తి ముట్టుకోనిచ్చేవాళ్లు కారు. మరి నేర్చుకున్నదేమిటంటావా? రంగు. ఆ మంటలోకి చూసి చూసి, ఎవరూ చెప్పకుండానే కంటికి పట్టేది. ముదురెరుపులో ఉండగా మొండిగా బాదితే ఇనుము పగులుతుంది. పసుపుకి తిరిగితే చెప్పిన మాట వింటుంది. తెల్లబడి చిటపటమని రవ్వలు లేచాయంటే కాలిపోతోందన్నమాట, ఇంకాస్త ఆలస్యమైతే ఆ ముక్క చిట్టెం కుప్పలోకే.

అందుకే కొలిమి ఎప్పుడూ చీకటిగా ఉండేది. తాటాకు చూరు నడుమెత్తు దాకా దించేవాళ్లు. లేమి అనుకుంటావేమో, అదీ కొంత ఉందిలే, కానీ అసలు సంగతి రంగు కనపడాలని. మా మనవడేమో డాబా మీద, మిట్ట మధ్యాహ్నం, గ్యాసుబండకి గొట్టం తగిలించి పని మొదలుపెట్టాడు. వీడియోకి వెలుతురు కావాలట. ఆ ఎండలో ఎర్రగా కాలిన ఇనుమూ నల్లగానే కనపడుతుంది. "రంగు ఎట్లా చూస్తావురా?" అంటే జేబులోంచి అయస్కాంతం తీశాడు. 770 డిగ్రీల దగ్గర ఇనుము దానికి అంటుకోవడం మానేస్తుందట, మానేశాక ఇంకొంచెం కాచి ముంచేస్తే చాలట. నేను నమ్మలేదు. చేత్తో ఎండ అడ్డం పెట్టుకుని, నా కంటి లెక్కతో సరిచూశాను. సరిగ్గానే ఉంది. ఆ మాట వాడికి చెప్పలేదనుకో.

ఇంతకీ తొలి కత్తి దేనితో చేశాడనుకున్నావు? ఇంటి స్లాబుకి వేయగా మిగిలిన చువ్వతో! విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని 1966లో గొంతు చించుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. బడి ఎగ్గొట్టొచ్చన్నదే అప్పటి నా దేశభక్తి, అది వేరే సంగతి. చువ్వ మీద నాకు అగౌరవం లేదు. కానీ స్లాబులో చువ్వ వంగాలే తప్ప పుటుక్కున విరగకూడదు, అందుకని దాంట్లో బొగ్గు పాలు తక్కువ, నూటికి పావు వంతుకి అటూ ఇటూ. కత్తికి నూటికి అర వంతైనా ఉండాలి. లేకపోతే నువ్వు దాన్ని నీళ్లలో ముంచు, నూనెలో ముంచు, గంగలో ముంచు, అంచు మెత్తగానే ఉంటుంది. వాడి కత్తి టమాటాని కోయలేదు, పరామర్శించింది.

కత్తికి కావలసింది లారీ కమాన్ పట్టీ. మా కాలంలో నరసరావుపేట పాతసామాను కొట్లలో తూకానికి దొరికేది. ఆ ముక్క తెచ్చుకుంటే కత్తీ అవుతుంది, మచ్చుకత్తీ అవుతుంది, కాస్త మందం ఉంటే చిన్న గొడ్డలీ అవుతుంది. ఇది చెప్పి మీసం దువ్వుకుంటానా, వెంటనే మా తాత గుర్తొస్తాడు. ఆయన దృష్టిలో కమాన్ పట్టీతో పనిచేసేవాడు కమ్మరే కాదు. "ఎవడో ఫ్యాక్టరీలో వండిన అన్నం తెచ్చుకుని వడ్డించడం కూడా ఒక పనేనట్రా?" అనేవాడు.

ఆయన గొడ్డలి వేరు. మెత్తటి ఇనప పట్టీని నడిమికి మడిచి, మడత దగ్గర పిడి దూరే బెజ్జం వదిలి, రెండు కొసల మధ్య అరిగిపోయిన ఆకురాయి ముక్క దూర్చేవాడు. ఆకురాయి గట్టి ఉక్కు కదా, అదే అంచవుతుంది. ఇక అతుకు. తెల్లటి వేడికి తెచ్చి, పైన ఇసుక చల్లేవాడు. ఇసుక కరిగి ఇనుము మీది పొలుసుని తనలో కలుపుకుని పలచబడుతుంది, దెబ్బ పడగానే ఆ మురికంతా చిమ్ముకుంటూ బయటికి పోతుంది, శుభ్రమైన ఇనుమూ ఉక్కూ ఒకటవుతాయి. దానికున్న వ్యవధి రెండు మూడు గుక్కలు. ఆ రవ్వలకి మా తాత ముంజేతుల మీద వెంట్రుక ఉండేది కాదు. వెన్నంతా మెత్తటి ఇనుము, అంచు మాత్రం ఉక్కు. మొద్దు మీద ఎంత మోదినా వెన్ను దెబ్బ మింగుతుంది, అంచు నిలుస్తుంది. ఆ అతుకు మా నాన్నకి వచ్చు. నాకు సగం వచ్చు. కమాన్ పట్టీ ఉండగా ఆ మిగతా సగం ఎందుకు నేర్చుకుంటాను?

సమ్మెట వేసింది ఎవరో చెప్పలేదు కదూ. మా అమ్మ. నాన్న చిన్న సుత్తితో ఎక్కడ తడితే సమ్మెట అక్కడ పడాలి, ఎంత మెల్లగా తడితే అంత మెల్లగా. దాగలి మీద ఉత్త సుత్తి ఒక్కసారి మోగితే ఆపమని. నోటిమాట ఉండేది కాదు. ఇంట్లో ఎంత పోట్లాడుకున్నా దాగలి దగ్గర వాళ్లిద్దరికీ తాళం తప్పేది కాదు. 1967లో సాగర్ కుడికాలువకి నీళ్లొదిలాక మా చుట్టుపక్కల వరి పెరిగింది, కోతల ముందు కొడవళ్లకి కక్కు కొట్టలేక చచ్చేవాళ్లం. అమ్మ పొద్దున సంగటి కెలికిన చేత్తోనే సమ్మెట ఎత్తేది. ఈ మధ్య దానికీ యంత్రం వచ్చింది, మీట నొక్కితే అదే దబదబా బాదుతుంది. మనవడు దాని ధర చూపించాడు. మా అమ్మకి చూపించి ఉంటే కళ్లకద్దుకునేది. నేను మాత్రం పెదవి విరిచాను, విరవాలి కాబట్టి.

పైగా వాడొక కత్తి కొనుక్కొచ్చాడు, డమాస్కస్ అట. ఒంటినిండా నీటి అలల్లాంటి గీతలు. రెండు రకాల ఉక్కు రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చి అతికి, మడిచి, సాగగొట్టి, చివర్న యాసిడ్‌లో ముంచితే ఒకటి నల్లబడుతుంది, ఒకటి మెరుస్తుంది. పనితనం ఉంది, కాదనను. కానీ ఆ పాతకాలపు డమాస్కస్ కత్తులకి పేరు తెచ్చిన ఉక్కు మన దక్షిణాది మూసల్లో కరిగింది. నిజామాబాద్ వైపు కోనసముద్రమని ఒక ఊరుంది, అక్కడి ఉక్కు ముద్దల కోసం పారశీక వర్తకులు అంతదూరం నుంచి వచ్చి దిగేవాళ్లు. ఆ ఉక్కులో గీత అతుకుల్లోంచి వచ్చింది కాదు, ముద్ద మూసలో మెల్లగా చల్లారేటప్పుడు లోపల పుట్టింది. కోనసముద్రానికీ మాకూ ఏ చుట్టరికమూ లేదు. అయినా గొప్పలు చెప్పుకోవడానికి చుట్టరికం దేనికి?

నాకు అసలు మంట గ్యాసు మీదా కాదు, అయస్కాంతం మీదా కాదు. మీరు చేసిన వస్తువు మీ దగ్గరికి మళ్లీ రాదు. మా రోజుల్లో వచ్చేది. రైతు రొక్కం ఇచ్చేవాడు కాదు, ఏడాదికింతని మేర, కల్లం దగ్గర గింజలు కొలిచేవాడు. ఆ గింజలకే కర్రు సాగగొట్టాలి, కొడవలికి కక్కు కొట్టాలి, గొడ్డలికి పదును పెట్టాలి, ఎన్నిసార్లొస్తే అన్నిసార్లు. గొడ్డలి చెడ్డగా చేశావనుకో, నెలకోసారి నీ గుమ్మం ముందే ఉంటుంది, బాగు చేసినందుకు గింజ ఎక్కువ రాదు. రైతు ఊరకనే రాడు కూడా. "ఏం మామా, ఇది గొడ్డలా, అప్పడమా?" అని పదిమందిలో అడుగుతాడు. కొలిమి దగ్గర ఆ పదిమంది ఎప్పుడూ ఉంటారు.

అట్లా తిరిగొచ్చిన గొడ్డలే పని నేర్పేది. అంచు మడతపడి వస్తే మెత్తన ఎక్కువైందని, పెచ్చులూడి వస్తే గట్టిదనం ఎక్కువైందని. మరుసటిసారి అంచుని వేలెడు లోతు నీళ్లలో ముంచి తీసి, ఇసుకరాయితో గబగబా రుద్ది మెరిపించి, వెన్నులో మిగిలిన వేడి అంచుకి పాకుతుంటే కన్నార్పకుండా చూస్తాం. ముందు ఎండుగడ్డి రంగు దిగుతుంది, తర్వాత గోధుమ, తర్వాత వంకాయ, ఆ వెనక నీలం. కత్తికి గడ్డిరంగు దగ్గర ఆపి మళ్లీ ముంచాలి. గొడ్డలికి వంకాయ రంగు దాటనిచ్చి ముంచాలి, అది మొద్దుకి తగిలేది కదా. చండ్రకట్టె కొట్టేవాడికీ, ఇంట్లోకి చితుకులు కొట్టుకునేవాడికీ ఒకే రంగు దగ్గర ఆపకూడదని మా నాన్నకి తిరిగొచ్చిన గొడ్డళ్లే చెప్పాయి. మీ కత్తులేమో గాజుపెట్టెలోకి పోతాయి. ఫోటో కింద బొటనవేళ్లు పడతాయి. వంకాయ కూడా తరగని కత్తికి తన తప్పు ఎట్లా తెలుస్తుంది? చేసినవాడికెట్లా తెలుస్తుంది?

ఇదంతా విని మనవడు ఒక్క మాటన్నాడు. "అంత మంచి చదువైతే మా నాన్నకి ఎందుకు నేర్పలేదు తాతా?" నిజమే, నా కొడుకుని కొలిమి గడప తొక్కనివ్వకుండా పాలిటెక్నిక్‌లో పడేసింది నేనే. కల్లంలో మేర అడగబోతే తాలుగింజలు కొలిచిన చేతుల్ని నేను మర్చిపోలేదు. ట్రాక్టరొచ్చి కర్రులు పోయాక ఆ తాలుగింజలూ పోయాయి. అదంతా వాడికి చెప్పలేదు. "పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో రావద్దు" అన్నాను.

వచ్చే ఆదివారం గ్యాసు కొలిమి ఇక్కడికే తెస్తాడట. తేనీ. కమాన్ పట్టీ ముక్క చూసి పెట్టాను, గొడ్డలే చేయించాలి. కానీ డాబా మీద కుదరదు, పశువుల కొట్టంలో, తలుపు దగ్గరగా వేసి. అయిన గొడ్డలి ఇక్కడే ఉంటుంది, మా ఇంటి వెనక తుమ్మమొద్దులు అది కొట్టాలి, అంచు పోయిన ప్రతిసారీ వాడే హైదరాబాదు నుంచి దిగాలి. చీకట్లో వీడియో రాదు తాతా అంటున్నాడు. రాకపోతే పీడా పోయె.